ఏ వేటకు ఆ తూటా

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కింద కొంచెం పొలం, గుట్ట పక్కన ఇంకొంచెం చెలక ఉన్న ఓ పెద్దాయన ఇంట్లో దేవుడి గూటి పక్కన ఒక ఇత్తడి గొట్టం ఉంటుంది. చూపుడు వేలంత లావు, మూడంగుళాలకు పైన పొడవు. రోజూ అందులో రెండు అగరొత్తులు గుచ్చుతారు. అడుగున గుండ్రంగా అక్షరాలు... ఒకవైపు ‘కైనాక్’, ఇంకోవైపు 470.

‘‘మా తాత నైజాం జమానల షికారోళ్లకు హాకా కొట్టేందుకు పోయేటోడు. ఆడ ఏరుకొచ్చిండట. ఇది దేని తోట సార్? పులిదా, ఏనుగుదా?’’ అన్నారాయన. తోట అంటే మనవైపు తూటా. హాకా అంటే డప్పులు, డబ్బాలు మోగిస్తూ అడవిని జల్లెడ పట్టి జంతువును తుపాకీ ముందుకు తోలే పని. ఆ వెంటనే ఇంకో ప్రశ్న: ‘‘పందులు పల్లి చేనంత తోడి పెడుతున్నయి. ఇసొంటి తుపాకి రైతుకు ఇస్తరా?’’

మొదటి ప్రశ్నకు జవాబు చరిత్రలో ఉంది. రెండోదానికి చట్టంలోనూ, కాస్త ఫిజిక్సులోనూ ఉంది. ఈ వారం ఆ రెండు ప్రశ్నల పనే చూద్దాం. తుపాకీ అనగానే ఇబ్రహీంపట్నం వాళ్లకు కమాండోల శిక్షణ కేంద్రాలు గుర్తొస్తాయి గానీ, మనం మాట్లాడుకునేది ఆ తుపాకుల గురించి కాదు. పెద్ద జంతువు కోసం పుట్టిన పెద్ద తూటాల గురించి.

ముందుగా ఒక చిన్న సంగతి. సినిమాల పుణ్యమా అని మనం గుండునూ తూటానూ ఒకటి చేసేశాం. తూటా అంటే మొత్తం సరంజామా. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ, లోపల మందు, మూతి దగ్గర గుండు. ట్రిగ్గర్ నొక్కితే బయటికి పోయేది గుండు ఒక్కటే. గొట్టం తుపాకీలోనే ఉండిపోతుంది. దాన్ని లాగి పారేస్తారు. అలా పారేసిన దాన్నే మన పెద్దాయన తాతగారు ఏరుకొచ్చారన్నమాట.

470 అంటే సుమారుగా గుండు వెడల్పు. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో దాదాపు 470. మన లెక్కలో 12 మిల్లీమీటర్లు. బరువు 500 గ్రెయిన్లు. ఈ గ్రెయిన్ అనేది ఒకప్పటి ధాన్యపు గింజ ఎత్తు. మన కంసాలి గురిగింజ లాంటిదే, కాకపోతే గురిగింజలో దాదాపు సగం. 500 గ్రెయిన్లంటే 32 గ్రాములు. ఆ ముద్ద సెకనుకు 650 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. పూర్తి పేరు .470 నైట్రో ఎక్స్‌ప్రెస్. నైట్రో అంటే నల్లమందు కాలం పోయాక వచ్చిన పొగలేని మందు. ఎక్స్‌ప్రెస్ అంటే నిజంగా రైలుబండే! 1856లో పర్డీ అనే లండన్ తుపాకీ కంపెనీ తన వేగమైన రైఫిల్‌కు ‘ఎక్స్‌ప్రెస్ ట్రెయిన్’ అని పేరు పెట్టింది. రైలు కంటే వేగమైనది జనానికి తెలియని రోజులవి.

ఇక ‘మాగ్నమ్’ కథ ఇంకా సరదా. ఆ మాట సారాయి కొట్టు నుంచి వచ్చింది. మామూలు వైన్ సీసాకు రెట్టింపు పట్టే ఒకటిన్నర లీటర్ల సీసాను మాగ్నమ్ అంటారు. మందు ఎక్కువ పట్టే తూటాకు తుపాకీవాళ్లు అదే పేరు తగిలించారు. సీసాలో మందయితేనేం, తూటాలో మందయితేనేం! ఇప్పటి పిల్లలకు మాగ్నమ్ అంటే ఐస్‌క్రీమ్ అనుకోండి.

జంతువును చూసి కాదు, సర్కారును చూసి

పెద్ద జంతువుకు పెద్ద తూటా ఎంచుకోవాలంటే ఏం చూడాలి? జంతువు బరువు, చర్మం మందం, దూరం... ఇవీ ఎవరైనా చెప్పే జవాబులు. కానీ ఇబ్రహీంపట్నంలో అగరొత్తుల స్టాండైన ఆ 470 ఎందుకు పుట్టిందో వింటే ఆశ్చర్యం వేస్తుంది. అది పులిని చూసి పుట్టలేదు, ఏనుగును చూసీ పుట్టలేదు. బ్రిటిష్ సర్కారు భయాన్ని చూసి పుట్టింది.

1900 ప్రాంతంలో దొరల పెద్ద వేటకు రాజా లాంటి తూటా .450. అదే సైజు గుండును వాడే పాత సైనిక రైఫిల్ ఒకటుంది... మార్టినీ-హెన్రీ. పట్టాళంలోంచి తీసేసిన ఆ రైఫిళ్లు చాలానే చేతులు మారాయి. షికారు తూటాల్లోంచి గుండు పీకి, తిరుగుబాటుదారులు వాటిని ఆ రైఫిళ్లలో వాడుకుంటారేమోనని సర్కారుకు గుబులు పుట్టింది. 1907లో .450 తూటాలను ఇండియాలోకీ, సూడాన్‌లోకీ రానివ్వమని నిషేధం పెట్టింది.

లండన్ తుపాకీ కంపెనీలకు ఇండియా అంటే బంగారు బాతు. జాగీర్దార్లు, రాజాలు, నవాబులు, కలెక్టర్లు, ఫారెస్టు ఆఫీసర్లు... కొనేవాళ్లంతా ఇక్కడే. ఏం చేస్తారు? గుండును ఓ నూలుపోగంత లావు చేశారు. జోసెఫ్ లాంగ్ కంపెనీ .470 తెచ్చింది. హాలండ్ అండ్ హాలండ్ వాళ్లు .465 తెచ్చారు. మరొకరు .475. చట్టం 450 కూడదంది కదా, 450 కాదు కాబట్టి దర్జాగా అమ్ముకున్నారు. శక్తిలో పెద్ద తేడా ఏమీ లేదు. నిజాం రాజ్యం వేరే రాజ్యమే అయినా సముద్రపు రేవు లేని రాజ్యం. విలాయతీ సరుకు బ్రిటిష్ రేవుల్లో దిగి రావాల్సిందే. అక్కడ చెల్లని తూటా ఇక్కడికి రావడం కష్టం.

నిషేధానికి అయిదేళ్ల ముందు, 1902 ఏప్రిల్‌లో వైస్రాయ్ కర్జన్ దంపతులు వరంగల్ వైపు నెక్కొండ అడవిలో చంపిన పులి పక్కన నిలబడి దిగిన ఫొటో చాలామంది చూసే ఉంటారు. తీసింది రాజా దీన్‌దయాళ్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు షికారంటే ప్రాణం. 1893లో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ కూడా హైదరాబాద్ అతిథిగా వచ్చి పులి వేటకు వెళ్లాడు. 1914లో సారాయెవోలో అతన్నే కాల్చి చంపితే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. అతన్ని చంపిన పిస్తోలు తూటా మన పెద్దాయన ఇత్తడి గొట్టంలో మూడో వంతు పొడవుండదు. తూటా పెద్దదా చిన్నదా అన్న లెక్క ఒక్కోసారి ఇలా తేలిపోతుంది.

ఇదే పద్ధతిలో పుట్టిన ఇంకో తూటా మన ఊళ్లలో ఈనాటికీ ఉంది. .303 పట్టాళపు తూటా కాబట్టి పౌరులకు ఇవ్వకూడదన్నారు. ఆస్ట్రియా వాళ్ల పాత 8 మిల్లీమీటర్ల తూటా తెచ్చి, .315 అని పేరు పెట్టి ఇండియాలో అమ్మారు. స్వాతంత్ర్యం వచ్చాక ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ దాన్ని తయారు చేస్తూ వచ్చింది. బ్యాంకు గార్డు భుజాన ఎప్పుడైనా రైఫిల్ కనబడితే అది ఆ .315 అయ్యే అవకాశం ఎక్కువ. అంటే తెల్లవాడి భయంతో మొదలైన కొలత ఇప్పటికీ మన బ్యాంకు గుమ్మం ముందు కాపలా కాస్తోందన్నమాట.

ఎండకు తట్టుకోవాలి

సరే, మళ్లీ ఆ గొట్టం దగ్గరికి వద్దాం. అంత పొడవెందుకు? మందు ఎక్కువ పట్టడానికి అనుకుంటాం. అది సగం నిజమే. మిగతా సగం వరంగల్ ఎండల్లో ఉంది.

ఆ రోజుల్లో వాడిన మందు కార్డైట్. దానికి వేడి పడదు. ఇంగ్లండులో చలికాలం కాల్చి చూసిన తూటా, మే నెలలో మన దగ్గర ఎండకు కాగిన తుపాకీలో పేలితే లోపలి ఒత్తిడి బాగా పెరిగిపోతుంది. ఇత్తడి గొట్టం ఉబ్బి గోడకు అతుక్కుపోతుంది. రెండో తూటా వేద్దామంటే మొదటిది బయటికి రాదు. ఎదురుగా గాయపడ్డ పులి! అందుకే గొట్టాన్ని కావాలని పెద్దది చేసి, మందుకు లోపల చోటు ఎక్కువ ఇచ్చి, ఒత్తిడి తక్కువ ఉండేలా చూశారు. కాల్చాక గొట్టం సులువుగా జారి వచ్చేస్తుంది. రెండు గొట్టాల రైఫిల్‌లో తూటాను లాగే పరికరానికి బలం తక్కువ కాబట్టి ఈ జాగ్రత్త మరీ అవసరం.

1912లో హాలండ్ అండ్ హాలండ్ తెచ్చిన .375 మాగ్నమ్ కూడా అంతే. దాని గొట్టం కిందనుంచి పైకి కాస్త సన్నబడుతూ పోతుంది. కాబట్టి లోపలికి జారడం, బయటికి రావడం రెండూ సులువు. అడుగున ఒక పట్టీ ఉంటుంది. తూటా గదిలో ఎక్కడిదాకా కూర్చోవాలో ఆ పట్టీ చూసుకుంటుంది. 300 గ్రెయిన్ల గుండు, అంటే 19 గ్రాములు. వేగం సెకనుకు 770 మీటర్లు. వందేళ్లు దాటినా దాని పేరు పోలేదు. ఆఫ్రికాలో చాలా దేశాలు ప్రమాదకరమైన జంతువుల వేటకు ఇంతకంటే చిన్నది పనికిరాదని చట్టాల్లోనే రాసుకున్నాయి. ఒక్క తుపాకీతో జింక నుంచి ఏనుగు దాకా గడిచిపోవాలంటే ఏదని అడిగితే, తెలిసినవాళ్లలో ఎక్కువమంది ఇప్పటికీ దీని పేరే చెబుతారు. నన్నడిగితే తూటాల చరిత్రలో బుద్ధి పెట్టి చేసిన పని ఇదే. మిగతావాటిలో సగం బడాయి.

బడాయికి ఫలితం కూడా చెప్పుకోవాలి. 1956లో అమెరికా విన్‌చెస్టర్ కంపెనీ .458 మాగ్నమ్ తెచ్చింది. 470కున్నంత సత్తువ, కానీ గొట్టం ముప్పావు అంగుళం పొట్టి. మామూలు చవక రైఫిల్‌లోనే పట్టేస్తుందని ప్రచారం. బాగానే అమ్ముడైంది. చిక్కెక్కడొచ్చిందంటే, పొట్టి గొట్టంలో మందును అదిమి అదిమి కూరాల్సి వచ్చింది. నిల్వ ఉన్నకొద్దీ కొన్నింట్లో ఆ మందు గడ్డకట్టింది. సరిగ్గా మండేది కాదు. పెట్టె మీద రాసిన వేగం ఒకటి, ఏనుగు ముందు వచ్చిన వేగం ఒకటి! తర్వాత మందు మార్చి సరిచేశారనుకోండి. అప్పటికే కొందరు వేటగాళ్లు పాత గొట్టాలే నయమని అటు తిరిగిపోయారు.

పులి ఎగిరి పడుతుందా?

470 గుండు శక్తి దాదాపు 7 వేల జౌళ్లు. ఇంటర్ చదివే పిల్లలున్న ఇంట్లో అడగండి, లెక్కేసి చెబుతారు. 70 కిలోల మనిషిని 10 మీటర్ల ఎత్తుకు, అంటే మూడంతస్తుల మేడ మీదికి లేపే శక్తి. ఇంకా పెద్దవీ ఉన్నాయి. .600 నైట్రో ఎక్స్‌ప్రెస్ గుండు ఒక్కటే 58 గ్రాములు. శక్తి 10 వేల జౌళ్ల పైమాట. దాని రైఫిల్ బరువు ఏడు కిలోల దాకా ఉంటుంది. అది మోసుకుని అడవిలో నాలుగు మైళ్లు నడిచేసరికి ఏనుగు కంటే ముందు మనిషే పడిపోతాడు.

ఇంత శక్తి తగిలితే జంతువు గాల్లోకి ఎగిరి పడుతుందా? పడదు. అదంతా సినిమా తాళ్ల మహిమ. గుండు జంతువును ఎంత నెడుతుందో తుపాకీ మన భుజాన్ని కూడా దాదాపు అంతే నెడుతుంది. ఎగిరి పడేటట్టయితే ముందు కాల్చినవాడే ఎగిరి పడాలి. 200 కిలోల పులికి 470 గుండు ఇచ్చే తోపు సెకనుకు పది సెంటీమీటర్ల వేగం మాత్రమే. అది చీమ నడక కంటే కాస్త ఎక్కువ. మరి ఆ 7 వేల జౌళ్లు ఏమైనట్టు? లోపల దారి చేయడానికి ఖర్చవుతాయి. ఎముక విరవడానికి, కండ చీల్చడానికి. ఆ దారి గుండె మీదుగానో ఊపిరితిత్తుల మీదుగానో మెదడు మీదుగానో పోతేనే జంతువు చస్తుంది. పేగుల మీదుగా పోతే ఎంత మాగ్నమ్ అయినా జంతువు పారిపోతుంది. పొదలో పడుకుని రెండు రోజులు నరకం చూసి చస్తుంది. లేదా బతికి, వేటాడలేక మనుషుల మీద పడుతుంది. మనిషి రుచి మరిగాయని పేరుపడ్డ పులుల్లో పాత తూటా గాయాలున్నవి ఉన్నాయని జిమ్ కార్బెట్ రాతల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

కార్బెట్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఆయన తుపాకుల సంగతీ విందాం. 436 మందిని చంపిందని లెక్క చెప్పే చంపావత్ ఆడపులిని 1907లో ఆయన మట్టుబెట్టినందుకు బహుమానంగా ఇచ్చింది ఏ భారీ తుపాకీయో కాదు. .275 రిగ్బీ. గుండు వెడల్పు 7 మిల్లీమీటర్లు, అంతే. 1926లో రుద్రప్రయాగ చిరుతను కొట్టింది దాంతోనే. ఆయన దగ్గర .450/400 రెండు గొట్టాల రైఫిల్ కూడా ఉండేది. కానీ రాత్రిపూట చెట్టెక్కి కూర్చోవాలంటే చేతికి తేలికైన రిగ్బీయే సుఖం. ఆఫ్రికాలో బెల్ అనే స్కాట్లాండ్ వేటగాడు వెయ్యి దాకా ఏనుగులను చంపాడని ప్రతీతి. వాటిలో ఎక్కువ శాతం ఇదే 7 మిల్లీమీటర్ల తూటాతో. ఏనుగు పుర్రెలో మెదడు ఎక్కడుంటుందో, ఏ పక్కనుంచి చూస్తే ఎక్కడ కొట్టాలో అతనికి తెలుసు. అలా అని ఆ చిన్న తూటా పట్టుకుని ఏనుగు ముందుకు పొమ్మని ఎవరూ చెప్పరు. అతనికున్న గురి వేరు. ఆ రోజుల్లో ఆఫ్రికా మైదానాల్లో అతనికి దొరికిన తీరిక వేరు.

మన నేల మీద తిరిగినవాడు కెన్నెత్ ఆండర్సన్. బెంగళూరు వాసి. 1910 నుంచి 1974 దాకా బతికాడు. చిత్తూరు వైపు మామండూరు అడవులు, నల్లమలలో గిద్దలూరు, నంద్యాల రైలు దారి మీది దిగువమెట్ట, చలమ... ఆ స్టేషన్ల పేర్లన్నీ ఆయన పుస్తకాల్లో పదే పదే వస్తాయి. ఆయన చేతిలో ఉండేది .405 విన్‌చెస్టర్. 300 గ్రెయిన్ల గుండు, సుమారు 4,400 జౌళ్లు. విలాయతీ రెండు గొట్టాల రైఫిళ్ల ముందు అది చవక సరుకే. కానీ వరసగా నాలుగైదు తూటాలు పేల్చొచ్చు. మాగ్నమ్‌ల మోజులో పడినవాళ్లు మరిచిపోయేది ఇదే. తూటా పెద్దదయ్యేకొద్దీ భుజానికి దెబ్బ పెరుగుతుంది. రెండుసార్లు దెబ్బ తిన్న భుజం మూడోసారి ట్రిగ్గర్ నొక్కకముందే వెనక్కి జంకుతుంది. కన్ను మూసుకుంటుంది. గురి జానెడు పక్కకు పోతుంది. జానెడు చాలు, గుండెకు తగలాల్సింది పొట్టకు తగలడానికి!

గుండు ఎలాంటిదన్నది కూడా ఉంది. పులి, చిరుత లాంటి మెత్తటి చర్మం జంతువుకు మూతి మెత్తగా ఉన్న గుండు వాడతారు. లోపలికి పోయాక అది పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ఏనుగు, అడవి దున్న అయితే మొత్తం గట్టి లోహపు తొడుగున్న గుండు కావాలి. మెత్తటిది వాటి ఎముక దగ్గరే చితికి ఆగిపోతుంది. గట్టిదాన్ని పులికి వాడితే ఇటునుంచి అటు సన్నటి బొక్క చేసుకుని వెళ్లిపోతుంది, వెనకాల ఎవరున్నా వాళ్లకీ తగులుతుంది. కాబట్టి మన పెద్దాయన మొదటి ప్రశ్నకు జవాబు: ఒకే 470 గొట్టం, పులిదీ కావచ్చు, ఏనుగుదీ కావచ్చు. తేల్చేది గుండు. ఆ గుండేమో ఏనాడో ఎగిరిపోయింది! నిజాం అడవుల్లో హాకా కొట్టించారంటే మాత్రం పులి కోసమే అయ్యుండాలి.

మరి పందుల సంగతి?

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక పులి మొదటి షెడ్యూల్‌లోకి చేరింది. సరదా షికారు కథ ముగిసింది. మనుషులకు ప్రమాదంగా మారిన పులినైనా సరే, పట్టుకోవడానికీ, మత్తిచ్చి తరలించడానికీ వీల్లేదని తేలాకే, రాష్ట్ర వన్యప్రాణి విభాగం ప్రధాన అధికారి కారణాలు రాసి సంతకం పెడితేనే చంపొచ్చు. అలాంటి సంతకం మీదే 2018 నవంబరు 2 రాత్రి మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో అవని అనే ఆడపులిని కాల్చారు. 13 మంది చావుకు కారణమని దాని మీద ఆరోపణ. కాల్చింది హైదరాబాద్‌కు చెందిన నవాబ్ షఫత్ అలీఖాన్ కొడుకు అస్గర్ అలీఖాన్. దేశమంతా దుమారం రేగింది. మత్తు సూది వేసే ప్రయత్నం నిజంగా జరిగిందా, రాత్రిపూట ఎందుకు వెళ్లారు, పక్కన పశువైద్యుడు ఉన్నాడా... ఇవీ ప్రశ్నలు. ఏ తూటా వాడారన్న మాట పెద్దగా ఎవరికీ పట్టలేదు. అంతకు రెండేళ్ల ముందు, 2016 జూన్‌లో బీహార్‌లోని మొకామా పొలాల్లో పంటలు మేస్తున్నాయని 200కు పైగా మనుబోతుల్ని కాల్చినప్పుడూ వెళ్లింది హైదరాబాద్ షూటర్లే. ఇద్దరు కేంద్రమంత్రులు బహిరంగంగా వాదులాడుకునేదాకా పోయింది ఆ వ్యవహారం.

అడవి పంది పులి కాదు. 2022లో చట్టాన్ని సవరించాక అది రెండో షెడ్యూల్‌లో ఉంది. మనుషులకో, పంటకో ప్రమాదం అయిన చోట అటవీశాఖ రాతపూర్వకంగా అనుమతిస్తే కాల్చొచ్చు. తెలంగాణలో అలా లైసెన్సు ఉన్న షూటర్లతో కాల్పించిన సందర్భాలున్నాయి. అనుమతి లేకుండా సొంతంగా కాలిస్తే మాత్రం రైతైనా సరే నేరమే.

తుపాకీ సంగతంటారా? 1959 నాటి ఆయుధాల చట్టం పంట కాపలాకు ప్రత్యేకంగా ఒక తుపాకీని చెప్పింది. ఏమిటో ఊహించండి... మూతిలోంచి మందూ గుండూ దట్టించి పేల్చే పాతకాలపు తుపాకీ! అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితే, లోపల నున్నగా ఉండే గొట్టం తుపాకీకి లైసెన్సు ఇవ్వొచ్చు. 12 బోర్ లాంటివి. పంట పేరు చెప్పి రైఫిల్ అడిగే దారి ఆ సెక్షన్‌లో లేదు. 470 లాంటిది నిషేధిత సైజు కాకపోయినా, 1980ల్లో దిగుమతులకు గేటు పడ్డాక మామూలు మనిషికి కొత్తది దొరకడం కల్ల. ఉన్నవన్నీ వారసత్వంగా చేతులు మారే పాతవే. కైనాక్ కూడా 1960ల్లోనే ఆ పెద్ద తూటాల తయారీ ఆపేసింది. తర్వాత విదేశాల్లో మళ్లీ మొదలైనా, వాటి ధర వింటే పల్లీ పంట మొత్తం పందికే వదిలేద్దామనిపిస్తుంది.

ఒకవేళ దొరికిందే అనుకుందాం. ఇబ్రహీంపట్నం చుట్టూ పొలాలు చూడండి. గుట్ట, దాని కింద చేను, పక్కనే వెంచర్ రాళ్లు, కొంచెం దూరంలో ఫాంహౌస్, బోరు దగ్గర షెడ్డు, అందులో నిద్రపోయే మనిషి. రాత్రి పదకొండుకు కరెంటొస్తే మోటరు వేయడానికి ఎవరో ఒకరు బ్యాటరీ పట్టుకుని వస్తూనే ఉంటారు. అలాంటి చోట రైఫిల్ గుండు పంది పక్క నుంచి జారిపోతే ఎక్కడ ఆగుతుంది? .30-06 లాంటి మామూలు వేట రైఫిల్ గుండుకే అడ్డేమీ లేకపోతే మూడు కిలోమీటర్లకు పైగా పోయే సత్తా ఉంది. ఆగపల్లి దగ్గర పేలిస్తే పక్క ఊళ్లో తగిలినా తగలొచ్చు. వంద కిలోల పందికి ఆ .30-06 అయినా .315 అయినా ఎక్కువే. పోతుపందికి భుజాల మీద గిడసబారిన కవచం లాంటి మందపాటి పొర ఉంటుంది నిజమే. దగ్గర నుంచి 12 బోర్‌లో పెద్ద గుండ్ల తూటా దాన్ని దాటుతుంది. నలభై అడుగుల లోపైతే మాగ్నమ్‌తో పనే లేదు.

మన వాళ్లకు ఎప్పటినుంచో తెలిసిన ఉపాయం ఒకటుంది. మంచె! చేనుకు కాపలాగా వేసుకున్నా, షికారుకు వేసుకున్నా మంచె మీది నుంచి కాల్చిన గుండు కిందికే పోతుంది. తప్పినా మట్టిలో దిగబడుతుంది. నేల మీద నిలబడి కాల్చిందే దిక్కులు పట్టి పోతుంది. అనుమతితో వచ్చే షూటరు ఎవరైనా మీ చేనులో మంచె గానీ, గుట్ట చరియ గానీ చూసుకోకుండా తుపాకీ ఎత్తితే ఆపమని చెప్పే హక్కు మీకుంది. కాల్చాక వెంటనే టార్చి వేసుకుని పొదలోకి దూరేవాడిని కూడా ఆపండి. గాయపడ్డ పోతుపంది కోర తొడను చీల్చిందంటే మనిషి రక్తం పోయి చస్తాడు.

ఇదంతా జరిగే పని కాదని కరెంటు తీగలు పరిచేవాళ్లున్నారు. పందికని పరిచిన తీగకు పొద్దున్నే నీళ్లు పెట్టడానికొచ్చిన పాలిగాడో, సొంత కొడుకో తగిలి చనిపోయిన వార్త ప్రతి పంట కాలంలోనూ మన జిల్లా పేజీల్లో చూస్తూనే ఉన్నాం. నాటుబాంబులు ఇంకో రకం. పిండిముద్దలో పెడితే పంది కొరికేసరికి దవడ ఎగిరిపోతుంది. పంది కొరకనిది ఊరి ఆవు కొరుకుతుంది. 2020లో కేరళ పాలక్కాడ్ వైపు కడుపుతో ఉన్న ఏనుగు నోట్లో పేలింది అలాంటిదే. శక్తి లెక్కలో ఇవి ఏ మాగ్నమ్‌కూ తీసిపోవు. గురి పెట్టేవాడే ఉండడు.

పెద్దాయనకు ఈ లెక్కలన్నీ చెప్పి, మండలంలోని అటవీ అధికారికి దరఖాస్తు ఎలా రాయాలో, పంట నష్టం ఫొటోలు ఎలా జత చేయాలో చూపించాను. ఆయన అన్నీ విని ఒక్కటే అడిగారు: ‘‘మరి కాల్చినంక పంది ఎవరిది సార్? చేను నాది గదా!’’ చేను మీదే గానీ పంది మీది కాదు. చట్టంలో 39వ సెక్షన్ ప్రకారం అనుమతి మీద చంపిన అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి. అటవీ సిబ్బంది వచ్చేదాకా దాన్ని ముట్టుకోకూడదు. కూర ఆశతో షూటరుతో పాటు కత్తిపీట పట్టుకుని కూర్చునేవాళ్లుంటే, వాళ్లను ఇంటికి పొమ్మనండి.